తొంభై ఐదో గోల్ దాకా

2025 మార్చి 19, షిల్లాంగ్. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో భారత్, మాల్దీవులు స్నేహపూర్వక మ్యాచ్ ఆడుతున్నాయి. 76వ నిమిషంలో లిస్టన్ కొలాకో లేపిన బంతి గోల్ ముందుకు వచ్చింది. ఐదడుగుల ఏడంగుళాల మనిషి ఒకడు ఎగిరి దాన్ని తలతో వలలోకి కొట్టాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు నిండి ఏడు నెలలు దాటాయి. తొమ్మిది నెలల క్రితమే అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కు వీడ్కోలు చెప్పేసిన ఆటగాడు, మళ్లీ పిలిస్తే వచ్చి ఆడుతున్నాడు. దేశం తరఫున సునీల్ ఛెత్రికి అది 95వ గోల్. మ్యాచ్ 3-0తో మనదైంది. 2023 నవంబరు తర్వాత భారత పురుషుల జట్టు గెలవడం అదే మొదటిసారి.

95 అనే అంకె ఎంత పెద్దదో తెలియాలంటే దాని పైన ఎవరున్నారో చూడాలి. పురుషుల అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అంతకంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లు ముగ్గురే: పోర్చుగల్‌కు ఆడే క్రిస్టియానో రొనాల్డో, అర్జెంటీనాకు ఆడే లియొనెల్ మెస్సీ, ఇరాన్ తరఫున 108 గోల్స్ చేసిన అలీ దాయీ. నాలుగో పేరు మనవాడిది. ప్రపంచకప్‌లో ఒక్కసారి కూడా ఆడని దేశం నుంచి, ర్యాంకుల్లో ఎక్కువగా నూరో స్థానానికి దిగువనే ఉండే జట్టు నుంచి, అంత పైకి వెళ్లిన స్ట్రైకర్ అతను.

ఫుట్‌బాల్ అప్పుడప్పుడు చూసేవాళ్లకు స్ట్రైకర్ పని తేలిగ్గా కనిపిస్తుంది. అందరూ కష్టపడి బంతిని గోల్ దాకా తెస్తారు, ఇతను ఆఖర్న ఒక్క తన్ను తన్ని పేరు కొట్టేస్తాడు అనిపిస్తుంది. మైదానంలో సంగతి వేరు. తొంభై నిమిషాల ఆటలో జట్టు మొత్తంలో బంతి అతి తక్కువసార్లు అందేది తరచుగా స్ట్రైకర్‌కే. మిగతా సమయమంతా బంతి లేకుండా పరుగెత్తాలి. డిఫెండర్ చూపు బంతి మీదికి మళ్లిన అర క్షణంలో అతని వీపు వెనక్కి జారుకోవాలి. దగ్గరి గోల్‌పోస్టు వైపు పరుగు తీసినట్టు కనిపించి చటుక్కున ఆగి, వెనక ఏర్పడ్డ ఖాళీలోకి రావాలి. పాస్ రాకపోతే ఆ పరుగు వృథా. పది పరుగుల్లో తొమ్మిది వృథాయే. పదోసారి బంతి వచ్చినప్పుడు ఊపిరి ఆడకుండా ఉన్న స్థితిలోనే కాలు వణక్కుండా తన్నాలి. ఈ పది పరుగుల్లో ఒక్కటి కూడా ఎగ్గొట్టకుండా ఇరవై ఏళ్లు తీసిన మనిషిగా ఛెత్రిని చూస్తే ఆయన గోల్స్ లెక్క అర్థమవుతుంది.

ఛెత్రికి దైవదత్తమైన వరాలు పెద్దగా లేవు. మెరుపు వేగం లేదు, ఎత్తు లేదు, నలుగురిని గిరగిరా తిప్పి వదిలే మాజీ కెప్టెన్ బైచుంగ్ భూటియా తరహా ఒడుపు మొదట్లో లేనేలేదు. ఉన్నదల్లా బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టే చూపు, అక్కడికి అందరికంటే ముందు చేరే పట్టుదల. అంత పొట్టివాడు అన్ని హెడర్లు ఎలా కొట్టాడని చాలామంది ఆశ్చర్యపోతారు. కిటుకు ఎగరడంలో కంటే ఎగిరే సమయంలో ఉంది. పొడుగాటి డిఫెండర్ బంతి కోసం చూస్తూ నిలబడి ఎగురుతాడు. ఛెత్రి రెండడుగులు ముందే పరుగు మొదలుపెట్టి, ఆ ఊపుతో అతనికంటే అర క్షణం ముందే గాల్లో ఉంటాడు.

పుట్టింది సికింద్రాబాద్‌లో, 1984 ఆగస్టు 3న. తండ్రి భారత సైన్యంలో ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల) విభాగంలో పనిచేసేవారు, ఫుట్‌బాల్ ఆడేవారు. తల్లి సుశీల, ఆమె కవల సోదరి ఇద్దరూ నేపాల్ మహిళల జాతీయ జట్టుకు ఆడారు. సైనికుడి కుటుంబం కాబట్టి ఒక ఊరు అంటూ లేదు. చదువు డార్జీలింగ్, ఢిల్లీ ఇలా బదిలీల వెంట సాగింది. అందుకని ఛెత్రిని మన ఊరి బిడ్డ అని సొంతం చేసుకోవడం సబబు కాదు. అతని ఆటను పెంచింది ఢిల్లీ, కోల్‌కతా, పంజాబ్, గోవా, బెంగళూరు.

ఐతే సికింద్రాబాద్ పేరు ఈ కథలో ఉండడం యాదృచ్ఛికమే అయినా అందమైన సంగతి. ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు ఈ జంటనగరాలు ఆయువుపట్టు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో ముందు వరుసలో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిన ఫార్వర్డ్ అతను. ఆ తర్వాతి తరంలో స్ట్రైకర్ షబ్బీర్ అలీ హైదరాబాద్ నుంచే వచ్చాడు. ఛెత్రి పుట్టేనాటికి ఆ వైభవం మసకబారిపోయింది. భారత్ ఆసియా కప్‌కు అర్హత సాధించిన 1984 తర్వాత మళ్లీ అక్కడికి చేరడానికి ఇరవై ఏడేళ్లు పట్టింది.

చిన్నతనంలో ఛెత్రికి ఫుట్‌బాలరే కావాలన్న కల ఏమీ లేదు. ఆట బాగా ఆడితే స్పోర్ట్స్ కోటాలో మంచి కాలేజీలో సీటు వస్తుందన్నదే అప్పటి లెక్క. ఆ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. 2001లో ఢిల్లీలోని సిటీ క్లబ్‌కు ఆడుతుండగా పెద్ద క్లబ్బుల కళ్లలో పడ్డాడు, 2002లో మోహన్ బగాన్ పిలిచింది. ఇంకా పద్దెనిమిదేళ్లు నిండని కుర్రాడు కాలేజీ ఆలోచన కట్టిపెట్టి కోల్‌కతా రైలెక్కాడు.

కోల్‌కతాలో పెద్ద క్లబ్బుకు ఆడడమంటే మామూలు ఒత్తిడి కాదు. గెలిస్తే భుజాలకెత్తుకునే జనమే ఓడిన రోజు గేటు దగ్గర కాపు కాసి తిట్టిపోస్తారు. ఛెత్రి చేరిన రోజుల్లో మోహన్ బగాన్ బాగా ఆడడం లేదు. ఇది తనవల్ల కాదని, వచ్చేస్తానని తండ్రికి ఫోన్ చేసి ఏడ్చిన రోజులున్నాయని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. రాలేదు, అక్కడే ఉండిపోయాడు. 2005లో పంజాబ్‌కు చెందిన జేసీటీలో చేరాక ఆట నిలదొక్కుకుంది. 2007లో తొలిసారి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నాడు. ఆ తర్వాత అదే అవార్డు మరో ఆరుసార్లు వచ్చింది.

జాతీయ జట్టులో తొలి మ్యాచ్ 2005 జూన్ 12న, పాకిస్తాన్‌తో, క్వెట్టాలో. కోచ్ సుఖ్వీందర్ సింగ్ ఆ రోజు నువ్వు ఆడుతున్నావని చెప్పినప్పుడు తనకు కలిగిన ఆనందాన్ని ఛెత్రి దాదాపు పందొమ్మిదేళ్ల తర్వాత, రిటైర్మెంట్ ప్రకటించిన వీడియోలో గుర్తు చేసుకున్నాడు. జెర్సీ చేతికి అందగానే ఎందుకో తనకే తెలియకుండా దానిమీద సెంటు చల్లుకున్నాడట. ఆ మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. ఆట 1-1తో ముగిసింది.

అసలు మలుపు మాత్రం 2008 ఆగస్టులో వచ్చింది. ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్‌కు హైదరాబాద్ ఆతిథ్యం ఇచ్చింది. విజేతకు 2011 ఆసియా కప్‌లో నేరుగా చోటు. అందుకే అది చిన్న టోర్నీ అయినా మనకు పెద్ద పరీక్ష. ఛెత్రి తాను పుట్టిన చోటికి భారత జెర్సీతో వచ్చాడు. వానలకు మైదానాలు బురదమయం కావడంతో ఫైనల్‌ను ఢిల్లీ అంబేద్కర్ స్టేడియానికి మార్చారు. ఆగస్టు 13న తజికిస్తాన్‌తో ఆడిన ఆ ఫైనల్లో భారత్ 4-1తో గెలిచింది. ఛెత్రి హ్యాట్రిక్ కొట్టాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడి మూడు గోల్స్ దేశాన్ని ఆసియా కప్‌కు తీసుకెళ్లాయి. దోహాలో 2011 జనవరిలో మనవాళ్లు మూడు మ్యాచ్‌లూ ఓడారు. ఆస్ట్రేలియా చేతిలో 0-4, బహ్రెయిన్ చేతిలో 2-5, దక్షిణ కొరియా చేతిలో 1-4. చివరి రెండు మ్యాచ్‌ల్లోనూ ఛెత్రి పేరున ఒక్కో గోల్ ఉంది.

విదేశీ క్లబ్బుల ప్రయత్నాలు మూడూ కలిసిరాలేదు. ఈ భాగాన్ని చాలామంది చప్పున దాటేస్తారు. నిజానికి ఛెత్రి ఏ మట్టితో తయారయ్యాడో ఇక్కడే తెలుస్తుంది.

2009లో లండన్‌కు చెందిన క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఒప్పందానికి సిద్ధపడింది. ఇంగ్లండ్‌లో విదేశీ ఆటగాడికి వర్క్ పర్మిట్ కావాలంటే అప్పట్లో అతని దేశం ఫిఫా ర్యాంకుల్లో తొలి 70 స్థానాల్లో ఉండాలి. మనం ఆ దరిదాపుల్లో లేము. పర్మిట్ రాలేదు. అతని ఆటను ఎవరూ తక్కువ చేయలేదు, దేశం ర్యాంకు అడ్డొచ్చింది. మరుసటి ఏడాది అమెరికాలో కాన్సాస్ సిటీ విజర్డ్స్‌కు వెళ్లాడు. 1936లో స్కాట్లండ్ క్లబ్ సెల్టిక్‌కు ఆడిన మహమ్మద్ సలీం, 1999లో ఇంగ్లండ్ క్లబ్ బరీకి ఆడిన భూటియా తర్వాత దక్షిణాసియా దాటి క్లబ్ ఫుట్‌బాల్ ఆడిన భారతీయుడిగా పేరొచ్చింది. ఆడే అవకాశం మాత్రం పెద్దగా రాలేదు. మాంచెస్టర్ యునైటెడ్‌తో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగడం అక్కడి జ్ఞాపకం. 2012లో పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ లిస్బన్. వెళ్లిన కొద్ది రోజులకే, నీ స్థాయి ఇక్కడికి చాలదు, బి జట్టుకు వెళ్లు అని కోచ్ ముఖం మీదే చెప్పాడు. బి జట్టు తరఫున ఆడినవి మూడే మ్యాచ్‌లు.

అప్పటికే భారత జట్టుకు కెప్టెన్. స్వదేశంలో అందరికంటే పెద్ద పేరు. అలాంటివాడికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో ఊహించుకోవచ్చు. ఛెత్రి మాత్రం తర్వాత ఆ కోచ్‌ను తప్పుపట్టలేదు. ఆయన అన్నది నిజమే, అక్కడి వేగం తనకు కొత్త అని ఒప్పుకున్నాడు. అక్కడ చూసినవాటిని వెంట తెచ్చుకున్నాడు. శిక్షణలో ప్రతి పాస్‌నూ మ్యాచ్‌లో పాస్‌లా ఇవ్వడం, తిండి, నిద్ర ఆటలో భాగమనుకోవడం, జిమ్ పనిని నెత్తిన పడ్డ శిక్షగా చూడకపోవడం అతని దినచర్యలో స్థిరపడ్డాయి. క్రమంగా మాంసం, పాల పదార్థాలు రెండూ మానేశాడు. జట్టులో తనకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లతో పరుగు పరీక్షల్లో పోటీ పడుతూ వచ్చాడు. నలభై ఏళ్ల వయసులో హెడర్‌తో గోల్ కొట్టడానికి కావలసిన కాళ్లు అలా తయారయ్యాయి.

2013లో బెంగళూరు ఎఫ్‌సీ పుట్టింది. జేఎస్‌డబ్ల్యూ సంస్థ కొత్తగా పెట్టిన క్లబ్. ఇంగ్లిష్ కోచ్ ఆష్లే వెస్ట్‌వుడ్. అంతకుముందు పదేళ్లలో ఛెత్రి మోహన్ బగాన్, జేసీటీ, ఈస్ట్ బెంగాల్, డెంపో, చిరాగ్ యునైటెడ్, చర్చిల్ బ్రదర్స్ ఇలా క్లబ్బులు మారుతూనే ఉన్నాడు. అది అతని చపలచిత్తం అనుకుంటే పొరపాటు. మన క్లబ్బుల బతుకే అంత నిలకడలేనిది. అతన్ని నిలబెట్టిన జేసీటీ 2011లో ఫుట్‌బాల్ జట్టునే మూసేసింది. బెంగళూరులో మాత్రం ఒక క్రమం దొరికింది. తొలి సీజన్లోనే జట్టు అప్పటి అగ్రశ్రేణి లీగ్ ఐ-లీగ్ గెలిచింది, ఛెత్రి 14 గోల్స్ కొట్టాడు. 2016లో ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్లో మలేషియా క్లబ్ జోహర్ దారుల్ తాజిమ్‌ను సొంత మైదానంలో 3-1తో ఓడించిన రాత్రి అతనివి రెండు గోల్స్. ఆ టోర్నీ ఫైనల్ చేరిన తొలి భారతీయ క్లబ్ బెంగళూరు. దోహాలో ఇరాక్ ఎయిర్‌ఫోర్స్ క్లబ్ చేతిలో 0-1తో ఓడింది. 2018-19లో ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ వచ్చింది.

బెంగళూరులో ఎన్నో సీజన్లు ఛెత్రి ఆడిన చోటు గోల్ ఎదురుగా మధ్యలో కాదు, ఎడమ పక్కన. మధ్యలో వెనిజులాకు చెందిన మికు ఉండేవాడు. దేశంలోకెల్లా గొప్ప స్ట్రైకర్ తన సొంత క్లబ్బులో స్ట్రైకర్ స్థానం విదేశీయుడికి ఇచ్చి పక్కకు జరిగాడు. అందుకు అలగలేదు. ఎడమ నుంచి లోపలికి దూసుకొచ్చి కుడికాలితో దూరపు పోస్టు వైపు తన్నే గోల్‌ను తన ముద్రగా మార్చుకున్నాడు. అదనంగా డిఫెన్స్‌లోకి దిగి వచ్చి, ప్రత్యర్థి వింగ్ మీద కాపలా కాసే బాధ్యత కూడా నెత్తిన పడింది. ముప్పై మూడేళ్ల ఆటగాడికి అది రెట్టింపు పని. చేశాడు. కానీ ఇక్కడే భారత ఫుట్‌బాల్ రోగం ఒకటి కనిపిస్తుంది. దాని గురించి కాసేపాగి మాట్లాడుకోవాలి.

ముందు 2018 జూన్ సంగతి. ముంబైలో ఇంటర్ కాంటినెంటల్ కప్. జూన్ 1న చైనీస్ తైపీ మీద భారత్ 5-0తో గెలిచింది, ఛెత్రి హ్యాట్రిక్. చూడ్డానికి వచ్చినవాళ్లు 2,569 మంది. మర్నాడు అతను ఫోన్ ముందు నిలబడి ఒక వీడియో రికార్డు చేశాడు. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, ఏమైనా అనండి, కానీ స్టేడియానికి రండి అని చేతులు జోడించినంత పని చేశాడు. యూరప్ క్లబ్బుల్ని ప్రేమించేవాళ్లను ఉద్దేశించి, మా ఆట ఆ స్థాయిలో లేదని తెలుసు, అయినా మీ సమయం వృథా కానివ్వమని మాటిచ్చాడు. విరాట్ కోహ్లీ వంటివాళ్లు దాన్ని నలుగురికీ పంచారు. జూన్ 4న కెన్యాతో మ్యాచ్. వర్షం కుమ్మరిస్తున్నా స్టేడియం నిండిపోయింది. అది అతనికి దేశం తరఫున నూరో మ్యాచ్. 3-0 గెలుపులో రెండు గోల్స్ అతనివే. జూన్ 10న ఫైనల్లో మళ్లీ కెన్యా మీద 2-0, రెండూ అతనివే. ఆ రోజుకు మెస్సీవీ ఛెత్రివీ సమానంగా 64 గోల్స్.

మెస్సీతో ఈ పోలిక పత్రికల్లో పదేపదే వచ్చింది. 2021 జూన్‌లో బంగ్లాదేశ్ మీద రెండు గోల్స్ కొట్టి 74కు చేరినప్పుడు అప్పటికి మెస్సీని దాటేశాడు. అదే ఏడాది దక్షిణాసియా దేశాల శాఫ్ టోర్నీలో పీలే 77 గోల్స్‌ను దాటాడు. ఈ శీర్షికలు చూసి వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. నేపాల్, మాల్దీవులు, బంగ్లాదేశ్ మీద కొట్టిన గోల్స్‌ను బ్రెజిల్, జర్మనీల మీద కొట్టినవాటితో ఎలా తూస్తారన్నది వాళ్ల ప్రశ్న. ప్రశ్నలో న్యాయం ఉంది. ఛెత్రి గోల్స్‌లో పెద్ద వాటా దక్షిణాసియా జట్ల మీద, ఆసియాలో మధ్యస్థ జట్ల మీద వచ్చిందే. తనకు మెస్సీతో, రొనాల్డోతో పోలికే లేదని, తాను వాళ్ల అభిమానినని ఛెత్రి ప్రతిసారీ చెబుతూనే వచ్చాడు.

ఐతే ఆ తూకంలో ఇంకో రాయి కూడా వేయాలి. మెస్సీ వెనక ప్రపంచస్థాయి మిడ్‌ఫీల్డ్ ఉంది. ఛెత్రి వెనక ఉన్న జట్టు ఒక్కో మ్యాచ్‌లో గోల్ అవకాశాలు రెండో మూడో సృష్టించగలిగితే గొప్ప. వాటిలో ఒకటి పోతే ఆ రోజు ఇక గోల్ ఉండదు. అంత కరువులో 151 మ్యాచ్‌ల్లో 94 గోల్స్ చేసి 2024 జూన్ 6న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో వీడ్కోలు తీసుకున్నాడు. కువైట్‌తో ఆ మ్యాచ్ 0-0. ప్రత్యర్థి బలహీనుడైతే కాస్త తేలికే కావచ్చు. పందొమ్మిదేళ్లపాటు ప్రతి ప్రత్యర్థి కోచ్ తన డిఫెండర్లకు, ఒక్క ఛెత్రిని పట్టుకుంటే చాలు, భారత్ ఆగిపోతుంది అని చెప్పి పంపే పరిస్థితిలో గోల్స్ కొట్టడం మాత్రం తేలిక కాదు.

2022లో కోల్‌కతాలో అఫ్గానిస్తాన్‌తో ఆసియా కప్ అర్హత మ్యాచ్ ఇందుకు మంచి ఉదాహరణ. 85 నిమిషాలు దాటినా గోల్ లేదు. 86వ నిమిషంలో ఛెత్రి ఫ్రీకిక్ నేరుగా వలలో పడింది. రెండు నిమిషాల్లో అఫ్గాన్లు సమం చేశారు. ఇంజురీ టైమ్‌లో సహల్ అబ్దుల్ సమద్ గోల్‌తో మనం గెలిచాం. ఆ అర్హత పోటీల్లో మూడు మ్యాచ్‌లు ఆడి ఛెత్రి నాలుగు గోల్స్ చేశాడు. వయసు అప్పటికి ముప్పై ఏడు. ఏడాది తర్వాత బెంగళూరులో శాఫ్ టోర్నీలో పాకిస్తాన్ మీద హ్యాట్రిక్. 2021లో ఫుట్‌బాల్ నుంచి తొలి ఖేల్‌రత్న పురస్కారం అందుకున్నదీ అతనే.

ఇప్పుడు ఆ రోగం సంగతి. ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైనప్పుడు ఒక్కో జట్టు పదకొండుమందిలో ఆరుగురు విదేశీయుల్ని దించవచ్చు. తర్వాత అది ఐదుకు, 2021 నుంచి నాలుగుకు తగ్గింది. సంఖ్య తగ్గినా క్లబ్బుల అలవాటు మారలేదు. కోచ్ ఉద్యోగం నాలుగు ఓటముల దూరంలో ఉంటుంది. అతనికి గోల్స్ ఈ వారమే కావాలి. అందుకని విదేశీయుల కోటాలో మొదటి చోటు స్ట్రైకర్‌కు పోతుంది. మన కుర్రాళ్లు బ్యాక్‌లుగా, వింగర్లుగా మిగులుతారు. 2014 నుంచి 2025 దాకా పదకొండు సీజన్లు జరిగాయి. లీగ్‌లో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారి కూడా భారతీయుడికి దక్కలేదు.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఉదాహరణే చూడండి. 2022 మార్చిలో ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి లీగ్ టైటిల్ గెలిచింది. తెలుగు నేలకు ఎన్నో ఏళ్ల తర్వాత దక్కిన ఫుట్‌బాల్ సంబరం అది. ఆ సీజన్లో జట్టుకు 18 గోల్స్ చేసి గోల్డెన్ బూట్ అందుకున్నది నైజీరియాకు చెందిన బార్తోలోమ్యూ ఒగ్బెచె. అతని తప్పేమీ లేదు, అద్భుతమైన ఆటగాడు. కానీ ఆ గెలుపు ఒక్క తెలుగు స్ట్రైకర్‌నూ, ఒక్క భారతీయ స్ట్రైకర్‌నూ జాతీయ జట్టుకు ఇవ్వలేకపోయింది. ఆ జట్టు కోచ్ మనోలో మార్కెజ్. తర్వాత భారత జట్టు కోచ్ అయ్యి, గోల్స్ కొట్టేవాడు దొరక్క 2025లో ఛెత్రిని వెనక్కి పిలిచినవాడు కూడా అతనే. క్లబ్ కోచ్‌గా తేలిగ్గా దొరికిన స్ట్రైకర్ దేశానికి కోచ్‌గా ఉన్నప్పుడు దొరకలేదు.

వెనక్కి పిలవడం తప్పా? కొందరు మాజీ ఆటగాళ్లు తప్పన్నారు. నలభై ఏళ్ల మనిషి ఆడితే కుర్రాడికి చోటు ఎప్పుడు దొరుకుతుందన్నారు. అందులో నిజముంది. మరి ఆ ఏడాది లెక్కలు కూడా చూడాలి కదా. 2024 డిసెంబరులో కేరళ బ్లాస్టర్స్ మీద ఛెత్రి హ్యాట్రిక్ కొట్టాడు. లీగ్ చరిత్రలో అంత పెద్ద వయసులో ఆ పని చేసినవాడు లేడు. లీగ్‌లో మొత్తం గోల్స్ రికార్డు ఒగ్బెచె పేరున 63 ఉంటే అదే సీజన్లో దాన్ని దాటేశాడు. 14 గోల్స్‌తో సీజన్ ముగించాడు. భారతీయుల్లో మరొకరు ఆ దరిదాపుల్లో లేరు. పిలుపు వచ్చాక కూడా ఆ జోరు తగ్గలేదు. 2025 ఏప్రిల్‌లో ఎఫ్‌సీ గోవాతో సెమీఫైనల్ రెండో మ్యాచ్. ఇంజురీ టైమ్‌లో హెడర్‌తో గోల్ కొట్టి బెంగళూరును ఫైనల్‌కు చేర్చింది ఆ నలభై ఏళ్ల మనిషే. ఇలాంటి ఆట కళ్ల ముందు కనిపిస్తుంటే కోచ్ పిలవకుండా ఎలా ఉంటాడు? తప్పు పిలిచిన కోచ్‌ది కాదు, వచ్చిన ఆటగాడిది అసలే కాదు. పదేళ్లపాటు స్ట్రైకర్ స్థానంలో కుర్రాళ్లకు ఆడే నిమిషాలు ఇవ్వని వ్యవస్థది.

పునరాగమనం కోరుకున్న ఫలితం ఇవ్వలేదు. షిల్లాంగ్‌లోనే మార్చి 25న బంగ్లాదేశ్‌తో ఆసియా కప్ అర్హత మ్యాచ్ 0-0గా ముగిసింది. జూన్‌లో హాంకాంగ్ చేతిలో 0-1 ఓటమి. మార్కెజ్ వెళ్లిపోయాడు, ఖాలిద్ జమీల్ వచ్చాడు. అక్టోబరులో సింగపూర్‌తో ఒక డ్రా, గోవాలో 1-2తో ఒక ఓటమి. 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. ఛెత్రి జాతీయ జట్టు నుంచి మళ్లీ తప్పుకున్నాడు.

చెప్పుకోదగ్గ ఆశ ఒకటి మహిళల ఫుట్‌బాల్‌లో కనిపిస్తోంది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఫార్వర్డ్‌గా ఆడుతోంది. క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు వెళ్లి ఆడి వచ్చింది. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించిన భారత బృందంలో ఆమె ఉంది. పురుషుల జట్టు చేయలేని పనిని అదే ఏడాది అమ్మాయిలు చేసి చూపించారు. మహిళల క్లబ్బుల్లో మన ఫార్వర్డ్‌లకు గోల్ ముందు నిలబడి ఆడే అవకాశం దొరుకుతోంది.

పురుషుల వైపు కూడా చేయదగ్గ పనులు తెలియనివేమీ కావు. క్లబ్బుల రిజర్వ్ జట్లు, కుర్రాళ్ల లీగ్‌లు ఏడాదిలో ఎక్కువ నెలలు నడవాలి. పదహారేళ్ల స్ట్రైకర్‌కు సీజన్‌కు ముప్పై, నలభై మ్యాచ్‌లు ఉండాలి. పది పరుగుల్లో తొమ్మిది వృథా అయ్యే పనిని మ్యాచ్‌లు ఆడకుండా ఎవరూ నేర్చుకోలేరు. తొలి రోజుల్లో మోహన్ బగాన్ ఓడుతున్నా పద్దెనిమిదేళ్ల ఛెత్రికి ఆడే అవకాశం దొరికింది. ఇప్పుడు అదే వయసు కుర్రాడు సూపర్ లీగ్ క్లబ్బులో చేరితే, తన స్థానంలో ముప్పై రెండేళ్ల విదేశీయుడు ఆడుతుంటే బెంచి మీద కూర్చుని చూస్తాడు. సికింద్రాబాద్‌లో, విశాఖలో, అనంతపురంలో సాయంత్రాలు బంతి తన్నుకునే పిల్లల్లో గోల్ వాసన పసిగట్టేవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకు పదిహేడేళ్లు వచ్చేసరికి, వచ్చే ఆదివారం నువ్వు ఆడుతున్నావు అని చెప్పే కోచ్, ఆ మాట చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకోనక్కర్లేని కోచ్, ఎక్కడో ఒకచోట ఉండాలి.